సాంసన్ సారు రాసిన ఇరవయ్యో పేరు

ప్రభుత్వ రికార్డుల ప్రకారం సాంసన్ సారు జూన్ నెలలో పుట్టాడు. ఇందులో విశేషమేమీ లేదు. ఆ కాలంలో జఫర్‌గఢ్ చుట్టుపక్కల బడి మొహం చూసిన ప్రతి మనిషీ జూన్‌లోనే పుట్టాడు. పెళ్లిళ్లు మాఘంలో అయినా ఫాల్గుణంలో అయినా, కాన్పులు మాత్రం బడులు తెరిచే నెల కోసం ఓపిగ్గా ఆగేవి. పిల్లల్ని తల్లులు కనేవాళ్లు, పుట్టినరోజుల్ని సార్లు కనేవాళ్లు.

సాంసన్ తండ్రి ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. కొడుకు ఎప్పుడు పుట్టాడని సారు అడిగితే, "బర్రె ఈనిన ఏడు" అన్నాడట. సారు ఆ బర్రె వివరాల్లోకి పోకుండా ఓ తేదీ వేశాడు. ఆ తేదీతోనే పదో తరగతి, టీచర్ ట్రైనింగు, ఉద్యోగం, చివరికి అరవై ఒకటో ఏట రిటైర్మెంటు. ఒక మనిషి ఎప్పుడు ఇంటికి పోవాలో ఇంకో మనిషి చాయ్ తాగేలోపు తేల్చేశాడు. దీంట్లో సాంసన్‌కు తప్పేమీ తోచలేదు. పైగా అంతటి అధికారం తనకూ ఒకనాడు దక్కాలని ఆశపడ్డాడు. దక్కింది.

ఆయన సర్వీసు ముప్పై ఆరేళ్లు. అందులో పెద్ద భాగం పెద్దవంగర దాటాక ఉండే మోదుగుగడ్డ తండా ప్రాథమిక పాఠశాలలో గడిచింది. మధ్యలో ఒక దసరాకు జిల్లాలు పగిలాయి. ఆయన ఇల్లు జనగామ జిల్లాలోకి, బడి మహబూబాబాద్ జిల్లాలోకి పోయాయి. కదలకుండా కూర్చున్న మనిషి అంతర్ జిల్లా ఉద్యోగి అయ్యాడు. తర్వాత ప్రమోషన్ వచ్చి హైస్కూలు హెడ్మాస్టరుగా భూపాలపల్లి జిల్లా కాటారం వైపు వెళ్లాడు. చివరి మూడేళ్లకు మళ్లీ తండా ఉన్న మండలానికే వచ్చాడు. హైస్కూలుతో పాటు మండల విద్యాధికారి బాధ్యత కూడా ఆయన మెడకే వేశారు. అదనపు బాధ్యత అన్నారు. అదనంగా వచ్చింది ఒక గుండ్రటి స్టాంపు.

ఇన్ని పదవుల్లోనూ ఆయన కీర్తి మాత్రం ఒక్క పని మీదే నిలబడింది. మోదుగుగడ్డ బడిని మూతపడకుండా కాపాడాడు.

అది పదమూడేళ్ల కిందటి మాట. ఇరవై మంది పిల్లలుంటే ఇద్దరు సార్లు, ఒక్కరు తగ్గినా ఒకే సారు అని లెక్క. ఒకే సారు ఉన్న బడి గతి ఏమిటో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆ సారుకు జ్వరం వస్తే సెలవు, మీటింగ్ వస్తే సెలవు, రెండేళ్లు తిరిగేసరికి తలుపుకు తాళం, వరండాలో మేకలు. ఆ జూన్‌లో సాంసన్ సారు దగ్గర పంతొమ్మిది పేర్లున్నాయి. తండాలో సగం ఇళ్లు పనికోసం భీవండికి, హైదరాబాదుకు పోయాయి. ఇరవయ్యో పేరు కోసం ఆయన ఎండలో గడపగడపా తిరిగాడు. చివరికి గోరీ అనే ముసలావిడ ఇంటి ముందు రొట్టెముక్క నములుతూ ఒక పిల్ల కనబడింది.

"పేరేందవ్వా పిల్లది?"

"సంగీత."

"ఏండ్లెన్ని?"

గోరీ వేళ్లు మడిచింది. "మూడు పత్తులాయె సార్. పత్తి ఏరంగ పుట్టింది. పాలు మొన్ననే ఇడిసింది."

సంవత్సరాలను పత్తులతో కొలవడంలో తప్పులేదు గానీ, పత్తి ఏరేది శీతాకాలంలో. ఆ లెక్కన పిల్లకు మూడేళ్లు కూడా నిండలేదు. సారు శాస్త్రోక్తంగా పరీక్ష పెట్టాడు. పల్లె బడుల్లో తాతల నాటి పరీక్ష అది. కుడి చేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందితే ఐదేళ్లు నిండినట్టు. పిల్ల చెయ్యి నడినెత్తి దాకా వచ్చి ఆగింది. సారు తలను కొంచెం పక్కకు వంచాడు. చేతిని మెల్లగా లాగాడు. ఇంకా రెండు వేళ్ల దూరం మిగిలింది. ఆ రెండు వేళ్లను ప్రభుత్వం తరఫున ఆయనే పూరించాడు.

"ఐదేండ్లు నిండినయ్" అని ప్రకటించాడు.

"ఎవలికి సార్?" అంది గోరీ.

అడ్మిషన్ రిజిస్టరులో నల్ల ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, జూన్ పదో తేదీని సంగీత పుట్టినరోజుగా రాశాడు. ఆ వారమే పై అధికారి వచ్చి తలలు లెక్కపెట్టాడు. ఇరవయ్యో తల నిద్రపోతోంది. అయినా లెక్కలోకి వచ్చింది. బడి బతికింది, రెండో సారు పోస్టూ నిలిచింది. జిల్లాలో ఉత్తమ ఉపాధ్యాయుడని సాంసన్‌కు శాలువా కప్పారు. ప్రతి ఏటా ప్రార్థన మందిరంలో లేచి నిలబడి, దేవుడు తన ద్వారా ఒక బడిని ఎలా నిలబెట్టాడో సాక్ష్యం చెప్పేవాడు. రెండున్నరేళ్ల సంగతి దేవుడికి ఎలాగూ తెలుసు కాబట్టి ప్రత్యేకంగా చెప్పేవాడు కాదు.

సంగీత ఒకటో తరగతిలో రెండేళ్లు కూర్చుంది. తర్వాత ఆగకుండా నడిచింది. పదో తరగతి చదివింది సాంసన్ సారు హైస్కూల్లోనే. ఆమె మెమో మీద అదే జూన్ పది ఉంటే, కింద ఆయనే సంతకం పెట్టాడు. ఇంటర్ కూడా మంచి మార్కులతో పాసైంది.

ఈ ఏడు జూన్‌లో సాంసన్ సారు రిటైర్ కావలసి ఉంది. నెలాఖరున సన్మానం. దానికి కావలసిన గజమాల గురించి ఉపాధ్యాయులు ఆయనకు వినబడేటట్టు రహస్యంగా మాట్లాడుకుంటున్నారు. బడులు తెరిచిన మూడో రోజు సంగీత ఆఫీసుకు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"సార్, నాకు లగ్గం పెట్టిండ్రు. ఈ నెలాఖరు ఆదివారం."

"సంతోషం బిడ్డా" అన్నాడు సారు. ఆ మాట నోరు అలవాటు మీద అనేసింది.

"నేను చదువుకుంట సార్. నర్సింగుకు పోత. మా బాపు వింటలేడు. పదెనిమిది నిండినయ్, ఎవ్వలు ఆపరు అంటున్నడు. నాకు పదహారు సుత నిండలే. మీకెర్కే గద."

"రికార్డు ప్రకారమైతే..."

"రికార్డుకు కాదు సార్. మీకు."

సారు కళ్లద్దాలు తీసి తుడిచాడు. అవి అంతకుముందే శుభ్రంగా ఉన్నాయి.

"మీ నాయినతోని మాట్లాడుత" అన్నాడు.

మాట్లాడాడు. ఆమె తండ్రి జాల్యా పెళ్లిపత్రికతో తానే వచ్చాడు, మొదటి పత్రిక సారుకే అని. భీవండిలో పదిహేనేళ్లు ఇటుకలు మోసిన మనిషి. సారు ముందు ఎప్పుడూ చేతులు కట్టుకునే నిలబడతాడు.

"జర ఆగరాదు జాల్యా. పిల్ల చదువుతా అంటున్నది."

"ఆగిన గద సార్. రెండేండ్ల సంది సంబంధాలొస్తున్నయ్. ఆగిన. మీరు రాసిన తారీఖు దాటేదాక ఆగిన. తండాల నన్ను పిచ్చోన్ని జేసి నవ్విండ్రు. సర్కారు మాట తప్పొద్దని నేనే అన్న."

"అది గాదు. నిజంగ వయసు..."

"నాకేం ఎర్క సార్, అది పుట్టినప్పుడు నేను భీవండిల ఉన్న. బడిల ఏసింది మా అవ్వ, రాసింది మీరు. మీరు తప్పు రాస్తరా?"

ఈ ప్రశ్నలో వెటకారం లేదు. వెటకారం ఉంటే సారుకు బాగుండేది.

జాల్యా గొంతు తగ్గించాడు. "మేం మళ్ల పోవాలె సార్. పిల్లను ముసలిదాని మీద ఇడిసిపెట్టి పోతే నాకు నిద్ర పట్టది. పిలగాడు కాటారం దిక్కు. ట్రాక్టర్ నడుపుతడు, మందు ముట్టడు. గింతకన్న ఏం జూడాలె చెప్పుండ్రి."

సారు పత్రిక తీసుకున్నాడు.

సంగీత అంతటితో ఆగలేదు. పిల్లలు ఆపదలో చేసే ఫోన్ నంబరుకు తనే ఫోన్ చేసింది. రెండు రోజులకు జిల్లా బాలల రక్షణ విభాగం నుంచి యుగేందర్ అనే కుర్ర అధికారి మోటారుసైకిల్ మీద వచ్చాడు. ముందు తండాకు వెళ్లి గోరీని అడిగాడట. "నాకు లెక్కలు రావు బిడ్డా, సారుకొస్తయ్" అని ఆమె అతణ్ని ఇటు పంపింది.

"సార్, చట్టం ఏమంటదంటే, వయసుకు ముందు బడి కాయితం చూడాలె. అది సరిగ్గ ఉంటె ఇంకోటి అడుగొద్దు. దాన్ని బట్టి ఆ పిల్ల మేజరు. నా చేతులు కట్టేసినట్టే."

"మరి?"

"ఆ కాయితం తప్పని, రాసినోళ్లే రాసియ్యాలె. ఒక్క లైన్ సార్. తెలిసే ఎక్కువ రాసిన అని. నేను బాలల సంక్షేమ కమిటీ ముందట పెడ్త. వాళ్లు దవాఖానకు పంపి ఎముకల పరీక్ష చేపిస్తరు. ఎముకలు అబద్ధమాడయ్ గద. లగ్గం ఆగుతది. శుక్రవారం లోపల ఇయ్యాలె మరి."

ఆ సోమవారం నుంచి శుక్రవారం దాకా సాంసన్ సారు ఒకే లేఖ రాశాడు. మామూలుగా ఆయన పది నిమిషాల్లో లేఖ రాయగలడు. ఆయన ముసాయిదాలకు జిల్లా ఆఫీసులో పేరుండేది. కొత్త హెడ్మాస్టర్లు ఆయన పాత లేఖలు అడిగి తీసుకుపోయి, పేర్లు మార్చుకుని వాడుకునేవాళ్లు.

మొదటి ముసాయిదా ఇలా ఉంది: "ఈ బాలికకు మూడేళ్లు నిండలేదని తెలిసి కూడా, బడిలో సంఖ్య కోసం, ఐదేళ్లు నిండినట్టు నేను రాశాను."

దాన్ని ఆఫీసు గుమాస్తా బలరాం చదివాడు. బలరాం మంచివాడు. సారు పింఛను ఫైలును నాలుగు నెలలుగా పసిబిడ్డలా చూసుకుంటున్నాడు.

"సార్, ఇది లేఖ గాదు. సస్పెన్షన్ ఆర్డరు. వాళ్లకు టైపు కొట్టే తక్లీఫ్ సుత లేకుంట మీరే రాసిచ్చిండ్రు."

"నిజమే గద బలరాం."

"నిజం కానియ్యుండ్రి. ముప్పయ్యో తారీఖు దాక ఓపిక పట్టుండ్రి. దొంగ అడ్మిషన్ అని ఎంక్వయిరీ ఏస్తరు. పింఛను ఆపుతరు. ఆ బడిల అప్పుడు చదివినోళ్ల కాయితాలన్ని తిరగేస్తరు. ఒక్కతి కోసం ఎంతమంది పరేషాన్ కావాలె సార్?"

ఎంతమంది అనే మాట సారుకు ఊతంగా దొరికింది. నిజానికి రిజిస్టరులో అలాంటి పేర్లు ఇంకో ఏడెనిమిది ఉన్నాయి. వాళ్లలో ఎవరూ తనను ఏమీ అడగలేదు. వాళ్ల కోసం ఆయన గుండె ఆ క్షణంలోనే కరగడం మొదలుపెట్టింది.

రెండో ముసాయిదా: "వయసు నమోదు చేయుటలో పొరపాటు జరిగినది."

మూడో ముసాయిదా: "నాటి పరిస్థితులలో సంరక్షకుల మౌఖిక సమాచారం ఆధారంగా నమోదు చేయబడినందున, వయసులో స్వల్ప వ్యత్యాసం ఉండే అవకాశమును పూర్తిగా తోసిపుచ్చలేము."

మొదటిదాంట్లో ఒక మనిషి ఉన్నాడు. రెండోదాంట్లో పని ఉంది, మనిషి లేడు. మూడోదాంట్లో పని కూడా లేదు. వ్యాకరణం మాత్రం నిండుగా ఉంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర భార్య సత్తమ్మ అడిగింది. మూడు ముసాయిదాల సంగతీ ఆయనే చెప్పాడు మరి. ఇంట్లో ఆయన ఏదీ దాచలేడు.

"మందిరంల లేశి నిలవడి సాక్ష్యం చెప్తవ్ గద. ఆ బడి ముచ్చట పదిసార్లు చెప్పినవ్. ఈ పిల్ల ముచ్చట చెప్పినవా?"

"ఇగ వారం రోజులు ఉన్నది సత్తమ్మా సర్వీసు."

"ఆ పిల్లకు గన్ని సుత లెవ్వు."

సారు మజ్జిగ పోసుకున్నాడు. సత్తమ్మ కంచం తీసేటప్పుడు చప్పుడు కొంచెం ఎక్కువైంది.

శుక్రవారం యుగేందర్ వచ్చి మూడో ముసాయిదా తీసుకున్నాడు. నిలబడే చదివాడు. మళ్లీ చదివాడు.

"స్వల్ప అంటే ఎంత సార్?"

"ఖచ్చితంగ చెప్పలేం."

"మీరు చెప్పలేకపోతే ఎవలు చెప్తరు సార్. దీంతోని కమిటీ ఏం జెయ్యది. రికార్డు సరిగ్గనే ఉన్నదని మీరే సర్టిఫికెట్ ఇచ్చినట్టున్నది."

"నాకు చేతనైంది రాసిన యుగేందర్."

"అవును సార్. మంచిగ రాసిండ్రు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బండి స్టార్ట్ చేయడానికి అతనికి నాలుగు కిక్కులు పట్టింది. అంతసేపూ సారు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. పిలవొచ్చు. ఐదో కిక్కు అవసరమైతే పిలుద్దామనుకున్నాడు. నాలుగో కిక్కుకే స్టార్టయింది.

నెలాఖరు ఆదివారం పెళ్లి జరిగింది. సారు పోలేదు. సత్తమ్మ కూడా పోలేదు గానీ, ఆ రోజు ఆమె మందిరంలో సాక్ష్యాలు మొదలయ్యేసరికి లేచి బయటికి వచ్చేసింది.

మంగళవారం సన్మానం. గజమాల అనుకున్నదానికంటే పెద్దదే తెచ్చారు. ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చింది. వక్తలు ఏడుగురు. ఏడుగురూ మోదుగుగడ్డ బడి కథ చెప్పారు. ఏడోవాడికి వచ్చేసరికి సారు ఆ పిల్లను భుజాన ఎత్తుకుని మూడు మైళ్లు నడిచి బడికి తెచ్చాడు. "ఆ పాప ఇయ్యాల ఇంటర్ పాసైంది. సాంసన్ సార్ లేకపోతే ఆమె జీవితం ఏమయ్యేదో ఆలోచించుండ్రి" అన్నాడు వక్త. జనం చప్పట్లు కొట్టారు. సారు ఆలోచించాడు. మాల బరువుకు తల వంగి ఉండడం వల్ల ఆ ఆలోచన ఎవరికీ కనబడలేదు.

జూలై మొదటి వారంలో, ఎవరూ అడగకుండానే, ఆయన మొదటి ముసాయిదాను శుభ్రంగా తిరగరాసి, సంతకం పెట్టి, పై ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. స్టాంపు వేయలేదు, అది అప్పటికే కొత్త అధికారికి అప్పగించాడు. తర్వాత రోజూ పోస్టుమాన్ కోసం చూశాడు. ఎంక్వయిరీకి ఏ చొక్కా వేసుకోవాలో కూడా తీసి పెట్టుకున్నాడు.

ఆగస్టు చివర జవాబు వచ్చింది. ప్రభుత్వ నడకలో ఇది పరుగు కింద లెక్క. "తమ లేఖ పరిశీలించబడినది. సదరు విద్యార్థిని అడ్మిషన్ రిజిస్టరు, పదో తరగతి మెమో, ఆధార్ అన్నీ ఒకదానితో ఒకటి సరిపోలుచున్నవి. కావున తదుపరి చర్య అవసరం లేదని తెలియజేయడమైనది."

"ఏం రాసిండ్రు?" అంది సత్తమ్మ.

"నేనేం తప్పు చెయ్యలేదట."

"మంచిది. ఇగ ఆ పిల్లకు చెప్పిరా పో."

ఆమె ఊరికే అనలేదు. మరునాడు చేతిసంచి, గొడుగు తెచ్చి గడపలో పెట్టింది. సారు హనుమకొండలో ఒక బస్సు, భూపాలపల్లిలో ఒక బస్సు మారి కాటారం చేరాడు. ఆ ఊళ్లో ఆయనను గుర్తుపట్టి నమస్కారాలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆటో ఎక్కి సంగీత అత్తగారి ఊరు వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఆమె పత్తిచేలో కలుపు తీసి అప్పుడే వచ్చినట్టుంది. మెట్టెలు పెట్టిన కాళ్లకు నల్లమట్టి. సారును చూసి గబగబా చేతులు కడుక్కుంది.

"అత్తా, మా సారు. నన్ను బడిల ఏసింది గీ సారే" అని లోపలికి కేకేసింది.

అత్త బయటికి వచ్చి దండం పెట్టింది, కుర్చీ వేసింది, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. సారు సంచిలోంచి రెండు కాగితాలూ తీసి ఇచ్చాడు, తాను రాసినదాని నకలు, పైవాళ్లు రాసింది. సంగీత నిలబడే చదివింది. తరగతిలో పాఠం చదివినట్టే, తొందర లేకుండా, ఆఖరి అక్షరం దాకా.

"జూలై తారీఖున్నది సార్" అంది.

"అవును బిడ్డా."

కాగితాలు వచ్చిన మడతల మీదే మడిచి తిరిగి ఇచ్చింది. కోపం చూపిస్తుందేమోనని సారు ఎదురుచూశాడు. దానికి ఇంటి నుంచి రెండు మూడు జవాబులు కూడా తెచ్చుకున్నాడు. వాటి అవసరం పడలేదు.

"చదువు..." అన్నాడు.

"ఇగ ఏం చదువు సార్. పత్తి అయినంక చూద్దాం అంటున్నరు." అని, "సార్, ఒక డౌటు" అంది.

"అడుగమ్మా."

"ఓటరు కార్డొచ్చింది నాకు, పోయిన వారం. మా ఆయన రాపిచ్చిండు. బడి పుస్తకంల పదెనిమిది నిండినోళ్లే ఓటెయ్యాలె అని ఉంటది గద. నాకు ఇంక నిండలే. రేపు ఎలక్షన్లొస్తె నేను ఏస్తె తప్పా సార్?"

ఆమె నిజంగానే అడుగుతోంది. ముప్పై ఆరేళ్లలో సారు ఇలాంటి మొహాలు వేలల్లో చూశాడు. జవాబు ఈయన దగ్గరే ఉంటుందని నమ్మి, చెప్పేదాకా నిలబడి ఉండే మొహాలు.

"రికార్డు ప్రకారం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

అత్త చాయ్ తెచ్చి చేతికిచ్చింది. గ్లాసులో ఉన్నంతసేపు నోరు విప్పనక్కర్లేదు గనక, సారు చిన్నచిన్న గుక్కలుగా తాగాడు. సంగీత కదలలేదు. గ్లాసు చిన్నది.